దాచినది ఊరు, పోయినది పాట
డేటాబేసు లైబ్రరీలలో క్వెరీ ఫిల్టర్లు, ఈగర్ లోడింగు

తెలుగు రాష్ట్రాల వెలుపల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి మాటను, పాటను రికార్డు చేసి భద్రపరచాలని బయలుదేరే విద్యార్థికి తొలినాళ్ళలోనే ఎదురయ్యే చిక్కు ఊరి పేరు. ఒడిశాలో మనం బరంపురం అనే పట్టణం కాగితాలలో ఒకచోట బెర్హంపూర్ అనీ, మరొకచోట బ్రహ్మపూర్ అనీ ఉంటుంది. మహారాష్ట్రలోని షోలాపూరును సోలాపూర్ అని కూడా రాస్తారు. పర్లాకిమిడి మరొక కాగితంలో పారలాఖెముండి అవుతుంది. ఇద్దరు విద్యార్థులు ఒకే డేటాబేసులో వివరాలు ఎక్కిస్తూ ఒకరు ఒక పేరు, మరొకరు ఇంకొక పేరు నమోదు చేయడం సహజం. కొన్నాళ్ళకు ఎవరో గమనించి, అదనంగా ఉన్న పేరును చెరిపివేయకుండా దానికి ‘చూపవద్దు’ అన్న గుర్తు పెడతారు. జాబితా శుభ్రపడింది అనుకుంటారు. అయితే ఆ చిన్న సవరణతో కొన్ని పాటలు కూడా జాబితాలో కనబడకుండా పోవచ్చు. పాటలను ఎవరూ ముట్టుకోలేదు. యంత్రం తప్పు చూపించలేదు. అవి డేటాబేసులో యథాతథంగానే ఉన్నాయి.

ఇది ఎలా జరుగుతుందో కంప్యూటర్ చదువుతున్నవారికీ, చదవనివారికీ అర్థమయ్యేలా వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము. వ్యాపారి లెక్కలో రెండు పద్దులు తగ్గితే సాయంత్రానికి నిలువ తేలదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. భాషా సేకరణలో అలా సరిచూసే నిలువ ఏదీ లేదు. ‘బరంపురంలో పెళ్ళిపాటలు లభించలేదు’ అని పట్టిక చూపితే, దానిని నమ్మి ఒక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యం రాస్తాడు. తరువాత వచ్చినవారు ఆ వాక్యాన్ని ఉదాహరిస్తారు. అందుకే ఈ సాంకేతిక విషయాన్ని మేము ఈ పుటలలోకి తెచ్చాము.

ముందుగా మూడు మాటలు. డేటాబేసులో సమాచారం పట్టికలుగా, పట్టికలో వరుసలుగా ఉంటుంది. ప్రోగ్రాము రాసేవారికి వరుసలకంటె ‘ఊరు’, ‘పాట’ వంటి వస్తువులతో పనిచేయడం సులువు. వరుసలను వస్తువులుగా, వస్తువులను వరుసలుగా మార్చి ఇచ్చే మధ్యవర్తి లైబ్రరీని ఓఆర్ఎం అంటారు. జావా భాషకు హైబర్నేట్, మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌కు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్, పైథాన్‌కు జాంగోలోని ఓఆర్ఎం, ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ, రూబీకి రైల్స్‌లోని యాక్టివ్ రికార్డ్ ఈ కోవలోవి. ఇక క్వెరీ ఫిల్టర్ అంటే ఒక పట్టికకు శాశ్వతంగా అమర్చిన జల్లెడ. ‘చూపవద్దు అన్న గుర్తు ఉన్న ఊళ్ళను ఎప్పుడూ తేవద్దు’ అని ఒక్కసారి చెబితే చాలు, ఆ తరువాత ఊళ్ళను అడిగిన ప్రతిచోటా ఆ షరతు తనంతట తానే చేరుతుంది. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చిన 2.0 నుంచి ఉంది.

మూడవది ఈగర్ లోడింగ్, అంటే ముందుగానే తెచ్చిపెట్టుకోవడం. పన్నెండు పాటల జాబితా అడిగాము అనుకోండి. ప్రతి పాట పక్కన దాని ఊరి పేరు చూపాలి. పాటలన్నిటికీ ఒక ప్రశ్న, ఆపైన ఒక్కొక్క పాటకు ఊరు ఏదని మరొక ప్రశ్న చొప్పున వేస్తే మొత్తం 13 ప్రశ్నలు అవుతాయి. పాటలు వేలల్లో ఉంటే పుట తెరుచుకునేలోగా కాఫీ తాగి రావచ్చు. దీనిని తప్పించుకోవడానికి ‘పాటలతో పాటు వాటి ఊళ్ళను కూడా ఒకేసారి తీసుకురా’ అని చెబుతారు. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్‌లో దీనికి ఇంక్లూడ్ అన్న మాట వాడతారు. వేగం కోసం చేసే ఏర్పాటు కనుక దీనివల్ల వేగం మారుతుందే తప్ప జవాబు మారదని అందరూ అనుకుంటారు. చిక్కంతా ఈ నమ్మకంలోనే ఉంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాము. ఊళ్ళ పట్టికలో నాలుగు వరుసలు: హోసూరు, షోలాపూర్, బరంపురం, బ్రహ్మపూర్. పాటల పట్టికలో 12 వరుసలు: హోసూరువి 4, షోలాపూర్‌వి 3, బరంపురానివి 3, బ్రహ్మపూర్ పేరు మీద ఎక్కినవి 2. ఈ చివరి రెండూ పెళ్ళిపాటలు, బరంపురం పేరు మీద ఉన్న మూడూ వేరే పాటలు. పాటకు ఊరు తప్పనిసరి అన్నది నియమం. ఊరు లేని పాటను డేటాబేసు చేర్చుకోదు. ఇప్పుడు బ్రహ్మపూర్ వరుసకు ‘చూపవద్దు’ గుర్తు పెట్టి, ఊళ్ళ పట్టికకు జల్లెడ అమర్చాము. పాటల పట్టికకు ఏ జల్లెడా లేదు.

పాటలు మాత్రమే అడిగితే 12 వస్తాయి. పాటలను ఊళ్ళతో సహా అడిగితే 10 వస్తాయి. ఒడిశాలోని పెళ్ళిపాటలు రెండూ పోయాయి.

కారణం తెలుసుకోవాలంటే లైబ్రరీ తెరవెనుక రాసే క్వెరీని చూడాలి. రెండు పట్టికలను కలిపి చదవడానికి ఎస్‌క్యూఎల్ భాషలో రెండు ప్రధానమైన పద్ధతులు ఉన్నాయి. ఇన్నర్ జాయిన్‌లో రెండు వైపులా జత దొరికిన వరుసలే నిలుస్తాయి. లెఫ్ట్ జాయిన్‌లో ఎడమవైపు వరుసలన్నీ నిలిచి, జత దొరకనిచోట కుడివైపు ఖాళీ ఉంటుంది. పాటకు ఊరు తప్పనిసరి అని మనం లైబ్రరీకి చెప్పి ఉన్నాము కనుక, ప్రతి పాటకూ జత దొరికి తీరుతుందన్న ధీమాతో అది ఇన్నర్ జాయిన్‌ను ఎంచుకుంటుంది. సాధారణంగా అది సరైన ఎంపికే. అయితే ఆ కుడివైపున ఇప్పుడు ఉన్నది మొత్తం ఊళ్ళ పట్టిక కాదు, జల్లెడలో పడగా మిగిలిన ఊళ్ళు మాత్రమే. బ్రహ్మపూర్ అందులో లేదు. జత దొరకని రెండు పాటలూ రాలిపోయాయి. నియమం నిజమే, జల్లెడా సరైనదే. రెండూ కలిసినచోట మాత్రం ‘తప్పనిసరి’ అన్న మాట అబద్ధమైపోయింది. ఆ సంగతి లైబ్రరీకి తెలియదు.

మన పాత వర్తకుల పుస్తకాలతో పోల్చితే ఇది ఇంకా తేటపడుతుంది. రోజువారీ పద్దులు చిట్టాలో ఉంటాయి, ఆసామీల ఖాతాలు ఆవర్జాలో ఉంటాయి. చిట్టాలోని ప్రతి పద్దూ ఆవర్జాలోని ఏదో ఒక ఖాతాకు చెందుతుంది. ఒక ఆసామీతో వ్యవహారం ముగిసిందని ఆవర్జాలో అతని ఖాతా మూసివేశారు. అంతమాత్రాన చిట్టాలో నిరుటి పద్దులు చెరిగిపోతాయా? ఏ గుమాస్తా అలా చేయడు. కానీ ‘ప్రతి పద్దు పక్కన ఖాతా పేరు రాసి, శుద్ధప్రతి తీసుకురా’ అని చెప్పినప్పుడు, పేరు దొరకని పద్దును మాటా పలుకూ లేకుండా వదిలివేసే గుమాస్తాను ఊహించుకోండి. మన లైబ్రరీ చేసినది అదే.

ఇంకొక విడ్డూరం. ‘పాటలు ఎన్ని?’ అని లెక్క మాత్రమే అడిగితే, ఊళ్ళను తీసుకురమ్మని పక్కన చెప్పినా ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 12 అనే చెబుతుంది. లెక్కకు ఊరి పేర్లతో పనిలేదు కనుక ఆ భాగాన్ని వదిలివేసి, జాయిన్ లేకుండానే లెక్కిస్తుంది. కాబట్టి పుట పైభాగాన ‘మొత్తం 12 పాటలు’ అని ఉండి, కింద 10 మాత్రమే కనబడతాయి. ఈ తేడా కంటబడినవారు అదృష్టవంతులు. చాలా పుటలలో పైన లెక్క ఉండదు.

ముందుగా తీసుకురమ్మని చెప్పకుండా, అవసరమైనప్పుడు ఒక్కొక్క ఊరిని తెచ్చుకునే లేజీ లోడింగ్ పద్ధతిలో మూడవ జవాబు వస్తుంది. పాటలు 12 వస్తాయి, ఆ రెండింటికి మాత్రం ఊరు ఖాళీగా వస్తుంది. ఊరు తప్పనిసరి అని నమ్మి రాసిన ప్రోగ్రాము అక్కడ ఆగిపోతుంది. మా దృష్టిలో ఇదే మేలు. ఆగిపోయిన ప్రోగ్రామును ఎవరైనా బాగుచేస్తారు, పోయిన పాటను ఎవరు వెతుకుతారు?

పెళ్ళిపాటల కోసం వెతికేటప్పుడు ఊళ్ళను ముందుగా తెమ్మని అడగకపోయినా ఇదే ప్రమాదం ఉంది. ‘పాటలను ఊరి పేరు ప్రకారం అకారాది క్రమంలో ఇవ్వు’ అన్నా, ‘పేరు బ అక్షరంతో మొదలయ్యే ఊరి పాటలు ఇవ్వు’ అన్నా లైబ్రరీ ఊళ్ళ పట్టికను కలుపుకోవలసిందే. కలుపుకున్న క్షణమే జల్లెడ కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇది రహస్యమేమీ కాదు. మైక్రోసాఫ్ట్ వారి పత్రాలలోనే ఈ పరిస్థితిని ఉదాహరణతో వివరించి, రెండు మార్గాలు చూపారు. మొదటిది, పాటకు ఊరు తప్పనిసరి కాదని లైబ్రరీకి చెప్పడం. అప్పుడు లెఫ్ట్ జాయిన్ వాడుతుంది, పాటలు 12 వస్తాయి, రెండింటికి ఊరు ఖాళీ. అయితే ఆ సడలింపు డేటాబేసు దాకా పాకితే, నిజంగా ఊరే తెలియని పాటలను కూడా అది చేర్చుకోవడం మొదలుపెడుతుంది. రెండవది, పాటల పట్టికకు కూడా సరిపోలే జల్లెడ అమర్చడం: దాచిన ఊరి పాటలను దాచు అని. అప్పుడు ఎలా అడిగినా 10 వస్తాయి. జవాబులన్నీ ఒకదానితో ఒకటి సరిపోతాయి. అంగడి సరుకుల జాబితాకు ఇది చక్కని పరిష్కారం. మన ఉదాహరణకు మాత్రం ఇది తప్పును స్థిరపరచడమే. బ్రహ్మపూర్ అన్న పేరు అదనం కాని, ఆ పేరు కింద పాడిన పాటలు అదనం కావు. ఏ మార్గం మంచిదో యంత్రం చెప్పలేదు. దాచిన వస్తువుకు చెందినవాటిని కూడా దాచాలా అన్నది ఆ సమాచారం ఎరిగినవారు తేల్చవలసిన విషయం. ఇటువంటి అమరికను గుర్తించినప్పుడు లైబ్రరీ తన లాగులో ఒక హెచ్చరిక కూడా రాస్తుంది. లాగు చదివే అలవాటు ఉన్నవారు ఎందరన్నది వేరే ప్రశ్న.

జాంగో రూపకర్తలు ఈ చిక్కును ముందే ఊహించినట్టున్నారు. అక్కడ జల్లెడను మేనేజర్ అన్న వస్తువులో పెడతారు. పాట నుంచి దాని ఊరికి వెళ్ళేటప్పుడు జాంగో ఆ జల్లెడ మేనేజర్‌ను కాక, జల్లెడ లేని మూల మేనేజర్‌ను వాడుతుంది. అంటే మామూలు జాబితాలో కనబడని బ్రహ్మపూర్, పాట వైపు నుంచి వెళ్ళినప్పుడు కనబడుతుంది. మూల మేనేజర్‌లో జల్లెడ పెట్టవద్దని వారి పత్రాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి కూడా. ఊరి నుంచి దాని పాటలకు వెళ్ళేటప్పుడు మాత్రం పాటల మామూలు మేనేజర్, దానిలో జల్లెడ ఉంటే ఆ జల్లెడ, పనిచేస్తాయి. ఒక దిక్కున జల్లెడ ఉండి మరొక దిక్కున లేకపోవడం మొదట వింతగా తోస్తుంది కాని, ఆలోచిస్తే గుమాస్తా ధర్మం ఇదే. పద్దు ఉన్నంతకాలం దాని ఖాతా పేరు చెప్పగలగాలి.

ఇంతవరకు చెప్పినది ఒక్క దిక్కు. ఊరి నుంచి పాటలకు వెళ్ళే రెండవ దిక్కున చిక్కు మరోరకంగా ఉంటుంది. అక్కడ వరుసలు రాలిపోవడం కంటె, సగం వచ్చినదాన్ని మొత్తంగా పొరబడడం ఎక్కువ.

‘హోసూరును దాని పెళ్ళిపాటలతో సహా ఇవ్వు’ అని అడిగాము అనుకోండి. హోసూరు పాటలు నాలుగింటిలో పెళ్ళిపాట ఒకటే. 2020లో వచ్చిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 5.0 నుంచి ఇలా షరతుతో కూడిన ఇంక్లూడ్ రాయవచ్చు. ఒక పాట రావాలి. కానీ అదే ప్రోగ్రాములో కాస్త ముందు, ఏదో పని మీద హోసూరు పాటలు నాలుగూ తెచ్చి ఉంటే, ఇప్పుడు కూడా నాలుగూ కనబడతాయి. లైబ్రరీ ఇంతకుముందు తెచ్చిన వస్తువులను తన బల్లమీద ఉంచుకుంటుంది. కొత్తగా హోసూరు రాగానే, బల్లమీద ఉన్న హోసూరు పాటలన్నిటినీ దానికి కట్టిపెడుతుంది. షరతు డేటాబేసును అడిగే ప్రశ్నకే వర్తించింది, బల్లకు వర్తించలేదు. చదవడానికి మాత్రమే తెచ్చుకునేటప్పుడు ఆ బల్ల వాడవద్దని చెప్పే వీలు ఉంది, ఇక్కడ అదే మందు.

హైబర్నేట్‌లో దీనికి ఎదురు పరిస్థితి చూస్తాము, అది మరింత ప్రమాదకరం. ఊళ్ళను పాటలతో కలిపి తెచ్చే ప్రశ్నలోనే పాటల మీద షరతు పెడితే, హోసూరు ఒక్క పాటతో వస్తుంది. హోసూరుకు ఉన్నది ఆ ఒక్క పాటే అని హైబర్నేట్ అనుకుంటుంది. చదివి ఊరుకుంటే నష్టం లేదు. ఊరికీ పాటలకూ సంబంధాన్ని వేరొక జోడింపు పట్టికలో, వరుసక్రమం లేని సంచిలాగా ఉంచామనుకోండి. ఇప్పుడు ఒక కొత్త పాటను చేర్చి భద్రపరిస్తే, అది హోసూరు జోడింపులన్నిటినీ తీసివేసి, తనకు తెలిసిన రెండింటినే తిరిగి రాస్తుంది. మిగిలిన మూడు పాటలూ పట్టికలో ఉంటాయి, వాటిని ఊరికి కలిపే లంకె తెగిపోతుంది. ఇక్కడ తప్పు తెరమీద ఆగలేదు, డేటాబేసులోకే దిగింది.

రైల్స్‌లో ఇంక్లూడ్స్ అన్న మాట మామూలుగా ఊళ్ళకు ఒక ప్రశ్న, పాటలకు వేరొక ప్రశ్న వేస్తుంది. పాటల పట్టిక మీద షరతు చేర్చగానే చెప్పకుండా పద్ధతి మార్చి రెండింటినీ ఒకే జాయిన్‌గా కలుపుతుంది, పాటల జాబితా కుదించుకుపోతుంది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ మాత్రం ముందస్తుగా తెచ్చేదానికి మారుపేరు పెట్టి విడిగా జోడిస్తుంది కనుక, మనం రాసిన షరతు దానికి అంటదు. కుదించిన జాబితాయే కావాలంటే ఆ మాట వేరే చెప్పాలి. కావాలని అడిగితేనే సగం ఇచ్చే ఈ పద్ధతి మాకు నచ్చింది.

ఇప్పుడు మళ్ళీ మన రెండు పెళ్ళిపాటల దగ్గరకు వద్దాము. అవి కనబడడం లేదని తెలిసిన విద్యార్థి మొదట చేసే పని జల్లెడను తీసివేయడం. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్‌లో అందుకు ఇగ్నోర్ క్వెరీ ఫిల్టర్స్ అన్న ఆజ్ఞ ఉంది. రాయగానే 12 పాటలూ వస్తాయి, సంతోషిస్తాము. కానీ ఆ ఆజ్ఞ ఆ ప్రశ్నలోని అన్ని పట్టికల జల్లెడలనూ ఒకేసారి ఎత్తివేస్తుంది. సేకరణ చేసేవారు మరొక జల్లెడ కూడా పెట్టి ఉండవచ్చు: పాడినవారు ‘నా పాట బయట పెట్టవద్దమ్మా’ అని తరువాత కబురు చేస్తే, ఆ పాటను మరుగున ఉంచే జల్లెడ. ఊరి పేరు కోసం ఎత్తిన చేయి ఆ తెరను కూడా తీసివేస్తుంది. ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి పాడి వినిపించిన ముసలమ్మకు ఇచ్చిన మాట, ఒక్క పంక్తి ప్రోగ్రాముతో తప్పిపోతుంది. 2025 నవంబరులో వచ్చిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 10లో ఒక్కొక్క జల్లెడకు ఒక్కొక్క పేరు పెట్టి, కావలసినదానిని మాత్రమే పక్కన పెట్టే వీలు కల్పించారు. అంతకుముందు ఒక పట్టికకు ఒకే జల్లెడ ఉండేది. రెండవది రాస్తే మొదటిది పోయేది, కాబట్టి రెండు షరతులనూ ఒకే జల్లెడలో కలిపి రాసేవారు. పాత కూర్పులతో పనిచేస్తున్నవారు ఆజ్ఞ వాడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ చేతిలో ఉన్న డేటాబేసులో ఇటువంటిది జరుగుతున్నదేమో చూడడానికి ఖరీదైన ఉపాయాలు అక్కరలేదు. ప్రయోగానికి ఒక నకలు తీసుకుని, అందులో ఒక బూటకపు ఊరిని, దాని కింద రెండు బూటకపు పాటలను చేర్చండి. ఆ ఊరికి ‘చూపవద్దు’ గుర్తు పెట్టి, పాటలను ఊరితో కలిపి ఒకసారి, విడిగా ఒకసారి, లెక్క మాత్రమే ఒకసారి అడగండి. మూడు జవాబులూ ఒకటి కాకపోతే, లైబ్రరీ రాసిన ఎస్‌క్యూఎల్‌ను బయటికి తీసి జాయిన్ అన్న మాట ఎక్కడుందో, దాని పక్కన ఏ షరతు వచ్చి చేరిందో చూడండి. ఎస్‌క్యూఎల్ రాయడం రాకపోయినా ఇంతమాత్రం చదవడం ఒక మధ్యాహ్నంలో పట్టుబడుతుంది.

ఇక మా ఉదాహరణలోని అసలు చిక్కుకు జల్లెడలతో పనే లేదు. బ్రహ్మపూర్‌కు గుర్తు పెట్టే ముందు, దాని కింద ఉన్న రెండు పాటలనూ బరంపురం వరుసకు మార్చి, బ్రహ్మపూర్ అన్న రూపాన్ని ఆ పట్టణపు మారుపేర్లలో ఒకటిగా నమోదు చేయాలి. అప్పుడు బరంపురం కింద 5 పాటలు ఉంటాయి, వాటిలో 2 పెళ్ళిపాటలు. ఊళ్ళతో కలిపి అడిగినా, విడిగా అడిగినా 12 వస్తాయి.